పాత పెట్రోల్ కారు 40 స్పీడులో జెర్కులిస్తంది, టీపీఎస్ (థ్రాటిల్ పొజిషన్ సెన్సార్) పోయిందంటన్నారు, మార్చే ముందు ఎలగ చూసుకోవాలి?

వంశధార_గట్టు:
అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర ఊరు. నాన్నగారి కారు, 2004 మోడల్, పెట్రోల్, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ కాకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ పోసే రకం), థ్రాటిల్‌కి, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే పళ్లేనికి, కేబుల్ ఉన్న బండి. బాడీకి ఎక్కడా తుప్పు లేదు, ఇంజన్ సౌండు కూడా బాగుంటాది. సమస్య ఏటంటే హైవే మీద శ్రీకాకుళం వైపు 40, 50లో నిదానంగా పోతన్నప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఒకేలా పెట్టి ఉంచితే బండి ఒక్కసారి వెనక్కి లాగినట్టయ్యి మళ్లీ ముందుకి తోస్తంది, గట్టిగా తొక్కితే మాత్రం ఏమీ ఉండదు బాగానే పోతాది. మడపాం టోల్ గేట్ దగ్గర స్లో చేసినప్పుడల్లా ఐడిల్ (కాలు తీసేశాక ఇంజన్ తిరిగే స్పీడు) పైకీ కిందకీ ఊగి ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతాది, ఏసీ వేస్తే మరీ ఎక్కువ. చెక్ ఇంజన్ లైట్ వెలిగి మళ్లీ తనే పోతాది.

మెకానిక్ ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు, తేడా రాలేదు. ఇప్పుడు టీపీఎస్, అంటే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సార్, పోయింది, థ్రాటిల్ బాడీ మొత్తం మార్చేద్దాం అంటన్నారు. కొత్తది దొరకడం కష్టమట, వైజాగ్‌లో పాత బండిది చూద్దాం అన్నారు. అంత డబ్బు పెట్టే ముందు నిజంగా అదేనా అని ఇంట్లోనే తెలుసుకునే దారుందా? మల్టీమీటర్ ఉంది, వైరింగ్ పని కొంచెం వచ్చు. అమ్మని చెకప్‌కి తరచూ శ్రీకాకుళం తీసుకెళ్లాలి, దార్లో ఆగిపోతే ఇబ్బంది, అందుకే అడుగుతన్నాను.

ఆమదాలవలస_బండి:
తమ్ముడూ, ముందు థ్రాటిల్ బాడీ క్లీనింగ్ చేయించు. ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి లోపల ఆ పళ్లెం అంచు చూడు, నల్లగా జిగటగా మసి పట్టేసి ఉంటే ఐడిల్ ఊగడానికి అదొక్కటే చాలు. థ్రాటిల్ బాడీ క్లీనర్ స్ప్రేని గుడ్డ మీద కొట్టి తుడవాలి, సెన్సార్ వైపుకి నేరుగా కొట్టొద్దు. ఐడిల్‌లో గాలిని సర్దే ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వు కూడా ఊడదీసి తుడిపించు. స్కానర్ పెట్టిద్దామనుకుంటే ఒక మాట, మన దగ్గర ఓబీడీ (బండి కంప్యూటర్ పట్టుకున్న తప్పుల్ని స్కానర్‌తో చదివే పద్ధతి) రూలు 2010లో మొదలైంది, ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ 2004 బండికి కనెక్ట్ అవుతాదని నమ్మకం లేదు. ఆ కంపెనీ బండ్లు చూసే పాత గ్యారేజీలో పెద్ద స్కానర్ ఉంటే కోడ్ (బండి కంప్యూటర్ దాచుకున్న తప్పు నంబర్) తీయించు. పి0120 నుంచి పి0124 లోపు ఏదైనా వస్తే ఈ టీపీఎస్ సర్క్యూట్టే.

గజపతినగరం_ఇంజన్:
కోడ్ వచ్చినా సరే సెన్సార్ కొనకు బాబూ, ఇది కచ్చితంగా చెప్తన్నాను. పి0122 అంటే సిగ్నల్ ఓల్టేజీ తక్కువ వస్తంది అని మాత్రమే, సెన్సార్ చెడిందని కాదు. వైరు తెగినా కనెక్టర్ పిన్ను వదులైనా అదే కోడ్ వస్తాది. మీటర్ ఉందన్నావు కాబట్టి అరగంట పని, చెప్తాను.

టీపీఎస్ అంటే లోపల రేడియో వాల్యూమ్ తిప్పే నాబ్ లాంటిదే, కార్బన్ పట్టీ మీద చిన్న వేలు జరుగుతాది. పాత రేడియోలో నాబ్ ఒక చోటకి రాగానే గరగరమని సౌండు పోయేది చూసే ఉంటావు, ఇక్కడా అంతే, పట్టీ అరిగిన చోట సిగ్నల్ ఎగిరిపోతాది. నిదానంగా పోయేటప్పుడు కాలు ఎప్పుడూ ఆ ఒక్క జాగాలోనే ఉంటాది కాబట్టి పట్టీ కూడా ముందు అక్కడే అరుగుతాది. నువ్వు చెప్పిన గుర్తు, అంటే 40లో జెర్కు వచ్చి గట్టిగా తొక్కితే పోవడం, దీనికి బాగా సరిపోతంది. అయినా కొలిచి చూడాల్సిందే.

మామూలుగా మూడు వైర్లుంటాయి, ఒకటి 5 ఓల్టుల సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కొన్ని పాత బండ్లలో ఐడిల్ స్విచ్ కోసం నాలుగోది కూడా ఉంటాది. రంగులు బండిని బట్టి మారతాయి, రంగు చూసి డిసైడ్ అవ్వకు. కీ ఆఫ్‌లో కనెక్టర్ ఊడదీసి, కీ ఆన్ చేసి (ఇంజన్ స్టార్ట్ చెయ్యకు) మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి పెట్టి ఒక్కో పిన్నూ చూడు, ఒకదాంట్లో 5 దగ్గర రావాలి. అసలు రాకపోతే సెన్సార్ని అనుమానించకు, వైరింగ్ చూడు, చాలా బండ్లలో మ్యాప్ సెన్సార్‌కి (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) కూడా అదే 5 ఓల్టులు పోతాది, అది షార్ట్ అయినా ఇది పడిపోతాది. బల్బున్న టెస్ట్ ల్యాంప్ మాత్రం ఎవరినీ పెట్టనివ్వకు, ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దెబ్బతింటాది.

తర్వాత కీ ఆఫ్ చేసి కనెక్టర్ మళ్లీ పెట్టేసి, వెనక వైరు లోపలికి దూరే చోట నుంచి సన్న గుండుసూది సిగ్నల్ పిన్ను తగిలేదాకా దూర్చు. వైరు తొడుగుని సూదితో పొడవకు, మనది సముద్రం గాలి, ఆ కన్నంలోంచి తేమ పోయి రాగి కిలుము పట్టేస్తాది. కీ ఆన్ చేసి, థ్రాటిల్ మూసి ఉండగా చూస్తే 0.5 నుంచి 0.9 లోపు ఉండాలి, పూర్తిగా తెరిస్తే 4 దాటి 4.5 దాకా రావాలి. కానీ అసలు పరీక్ష ఈ రెండు చివర్లూ కాదు, మధ్యలో. చేత్తో చాలా చాలా నిదానంగా, కేబుల్‌ని వెంట్రుకవాసి చొప్పున లాగుతూ అంకె చూడు, ఎక్కడా వెనక్కి పడకుండా, ఆగకుండా పైకి పోవాలి. డిజిటల్ మీటర్ కొన్నిసార్లు చిన్న పడిపోవడాన్ని మింగేస్తాది, ఎవరిదగ్గరైనా పాత ముల్లు మీటర్ దొరికితే తెచ్చుకో, ముల్లు ఠక్కున కొట్టుకుంటే కంటికి కనబడతాది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడొకసారి, బాగా వేడెక్కి ఆఫ్ చేశాక ఒకసారి చూడు, కొన్ని సెన్సార్లు వేడికే చేతులెత్తేస్తాయి.

సాలూరు_ఘాట్:
అన్న చెప్పింది కరెక్టే, నేను రెండు కలుపుతాను. ఎర్త్ కూడా చూడు, టీపీఎస్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కీ ఆన్‌లో దాదాపు సున్నా రావాలి, అర ఓల్టు కనబడిందంటే ఎర్త్ వైరు ఎక్కడో తుప్పు పట్టినట్టే. అప్పుడు సెన్సార్ బంగారంలాంటిదైనా ఈసీఎంకి తప్పు రీడింగే పోతాది. ఇంకోటి, పాత బండ్లలో రబ్బరు వాక్యూం గొట్టాలు పగిలి గాలి లాగుతుంటే కూడా ఐడిల్ అచ్చం ఇలాగే ఊగుతాది. ఇంజన్ నడుస్తుండగా గొట్టాన్ని ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి చూడు, ఐడిల్ మారితే దొంగ అక్కడే. అలాగే యాక్సిలరేటర్ కేబుల్ మరీ టైటుగా ఉందేమో చూడు, థ్రాటిల్ పూర్తిగా మూసుకోకపోతే ఈసీఎంకి అసలు ఐడిల్ అనే తెలీదు.

వంశధార_గట్టు:
అన్నలందరికీ చాలా థాంక్స్. ఆదివారం కూర్చుని చూశాను. 5 ఓల్టులు సరిగ్గా వస్తన్నాయి, ఎర్త్ 0.02. మూసి ఉంటే సిగ్నల్ 0.62. నిదానంగా లాగితే 1.1 దాకా చక్కగా పెరిగి అక్కడ ఠపీమని 0.2కి పడిపోయి వెంటనే 1.3కి లేస్తంది, ఆ తర్వాత 4.3 దాకా బాగానే పోతంది. పక్కింటి మాస్టారి ముల్లు మీటర్‌తో చూస్తే అదే చోట ముల్లు కిందకి కొట్టింది, ఎన్నిసార్లు లాగినా అక్కడే. వేడి మీద ఇంకా ఎక్కువ. కనెక్టర్ ఊపినా వైరు లాగినా ఏమీ మారలేదు. గొట్టాలు ఓకే. థ్రాటిల్ బాడీ లోపల మసి మాత్రం బాగా ఉన్నాది, తుడిచేశాను, ఐడిల్ కొంచెం సర్దుకుంది గానీ జెర్కు అలాగే ఉంది.

గజపతినగరం_ఇంజన్:
ఇంకేం కావాలి, ఇది టీపీఎస్సే, అనుమానం లేదు. వైరు ఊపితే మారట్లేదు, పడిపోవడం ఎప్పుడూ ఒకే జాగాలో ఉంది అంటే లోపల పట్టీ అరిగింది. ఈసీఎంకి 1.1 నుంచి 0.2 అంటే కాలు తీసేశావని అర్థం, అందుకే ఒక్క క్షణం పెట్రోల్ తగ్గించి మళ్లీ పోస్తంది, నీకు తగిలే ఆ లాగుడూ తోపుడూ అదే. ఎలక్ట్రానిక్ క్లీనర్ కొడితే పోతాదని ఎవరైనా చెప్తే వినకు, అరిగిన కార్బన్ తిరిగి రాదు.

థ్రాటిల్ బాడీ మొత్తం మార్చే ముందు సెన్సార్ ఎలా బిగించారో చూడు. రెండు స్క్రూలతో బయట ఉంటే సెన్సార్ ఒక్కటే వస్తాది, పార్ట్ నంబర్ దాని మీదే ఉంటాది, ఫోటో తీసుకుని వైజాగ్ షాపుల్లో ఆ నంబర్‌తోనే అడుగు. పాత బండిది మాత్రం వద్దు, అది కూడా ఇన్నేళ్లూ ఇలాగే అరిగి ఉంటాది. స్క్రూ కన్నాలు గుండ్రంగా ఉంటే బిగిస్తే సరి. కన్నాలు పొడుగ్గా ఉంటే అడ్జస్ట్‌మెంట్ ఉన్నట్టు, మీటర్ పెట్టుకుని థ్రాటిల్ మూసి ఉండగా మాన్యువల్లో చెప్పిన ఓల్టేజీ వచ్చేలా సెన్సార్‌ని తిప్పి అప్పుడు టైట్ చెయ్యి.

ఆమదాలవలస_బండి:
తమ్ముడూ, స్క్రూలు ఇన్నేళ్లు వేడికి పట్టేసి ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె చుక్క వేసి ఉంచు, సరిగ్గా పట్టే స్టార్ స్క్రూడ్రైవర్‌తోనే తిప్పు, తల అరిగిపోతే అప్పుడు నిజంగానే థ్రాటిల్ బాడీ ఊడదీయాల్సి వస్తాది. బిగించేటప్పుడు లోపల నాలుక షాఫ్ట్ మీద సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో తిప్పి చూసుకో. బ్యాటరీ మైనస్ పావుగంట తీసి పెట్టి, తర్వాత ఏసీ లేకుండా కాసేపు ఐడిల్‌లో వదిలెయ్, ఈసీఎం పాత లెక్క మర్చిపోయి కొత్తది నేర్చుకుంటాది. ఆ తర్వాత అదే మీటర్‌తో మళ్లీ ఒకసారి లాగి చూసి ఇక్కడ రీడింగ్ పెట్టు.