స్టెల్త్ గేమ్‌లో డైరీ తెరవగానే టెన్షన్ అంతా పోతోంది, మీకూ ఇంతేనా?

మేడమీది_దొంగ:

డిజానర్డ్ మళ్లీ ఆడుతున్నాను, 2012లో వచ్చిన మొదటిది, ఎవరి కంటా పడకుండా దొంగచాటుగా ఆడే స్టెల్త్ గేమ్. లేడీ బాయిల్ పార్టీ మిషన్ గుర్తుంది కదా? మాస్క్ పార్టీలోకి మనమూ మాస్క్‌తోనే వెళ్తాం, అందరూ అదీ వేషమే అనుకుంటారు. ముగ్గురు అక్కచెల్లెళ్లలో మన టార్గెట్ ఎవరు, తెలుపు, ఎరుపు, నలుపు దుస్తుల్లో ఆవిడ ఏది వేసుకుంది అన్నది కొత్తగా ఆడిన ప్రతిసారీ మారిపోతుంది. కింద అతిథులతో కబుర్లు చెప్పి కూపీ లాగొచ్చు, లేదంటే గార్డుల కళ్లుగప్పి మేడెక్కి పడకగదుల్లో కాగితాలు వెతుక్కోవచ్చు. నేను మేడెక్కే రకం.

సరే, గార్డు అటు తిరిగేదాకా తలుపు పక్కన ఊపిరి బిగబట్టి కూర్చుని, వాడు తిరగ్గానే గదిలో దూరి, బల్ల మీది డైరీ తెరిచాను. స్క్రీన్ నిండా కాగితం, లోకం మొత్తం ఆగిపోయింది. గార్డు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయుంటాడు. నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగి, ఫోన్ చూసుకుని, తీరిగ్గా వచ్చి చదివినా నన్ను అడిగేవాడు లేడు. చదవడం అయ్యాక ఆటలోకి తిరిగొస్తే ఆ బిగువు లేదు. మళ్లీ రావడానికి కాస్త టైం పడుతోంది, అంతలో ఇంకో కాగితం కనబడుతోంది.

పోనీ చదవకుండా వదిలేద్దామా అంటే లాకర్ కోడ్‌లు, రహస్య దారులు, ఎవరు ఎవరికి ఏమవుతారు, అన్నీ వాటిల్లోనే ఉంటాయి. పైగా మన పాత్ర పని ఏంటి, ఇంకొకరి ఇంట్లో దూరి వాళ్ల గుట్టు చదవడమే కదా, అసలు గేమ్‌లో అన్నిటికన్నా భయం వేయాల్సిన చోటు అదే కావాలి. నాకేమో అక్కడే టీ బ్రేక్ దొరికినట్టుంటోంది.

మీరు నిజంగా ఇవన్నీ చదువుతారా? చదివేటప్పుడు ఆట ఆగాలా, ఆగకూడదా? లోకం ఆగకుండా చదివించిన గేమ్‌లు ఏవైనా ఉంటే చెప్పండి.

బాఫర్డ్_గారి_పనివాడు:

పాజ్‌ని తిట్టకండి సార్. థీఫ్‌లో కూడా (1998, లుకింగ్ గ్లాస్ వాళ్లది) కాగితం తెరిస్తే ఆట ఆగిపోయేది, అయినా ఆ రోజుల్లో మాకు టెన్షన్ తగ్గినట్టు అనిపించలేదు. ఎందుకంటే అక్కడ కాగితాలు చిన్నవి, చదివిన నాలుగు ముక్కలూ వెంటనే పనికొచ్చేవి. ఫలానా వస్తువు ఎక్కడ దాచారు, యజమాని పనివాళ్ల మీద ఎందుకు మండిపడుతున్నాడు, ఇలాంటివి. కాగితం మూసేసరికి నా ప్లాన్ మారిపోయి ఉండేది, అటు వెళ్దామనుకున్నవాణ్ని ఇటు తిరిగేవాణ్ని. మ్యాప్ కూడా చేత్తో గీసిన అరకొర బొమ్మే, మనం ఉన్న చోటు చుక్క పెట్టి చూపించేది కాదు. అది కూడా ఒక రకంగా చదవడమే అంటాను.

డిజానర్డ్‌లో సమస్య పాజ్ కాదు, పుస్తకాలు. తిమింగలాల వేట మీద ఒకటి, ఆ దీవుల చరిత్ర మీద ఒకటి, అవే పుస్తకాలు వేరే మిషన్‌లో వేరే అల్మారాలో మళ్లీ దర్శనం. కత్తి చేతిలో పట్టుకుని పక్క గదిలో శత్రువు ఉండగా భూగోళశాస్త్రం చదివేవాడు ఎవడండీ? డైరీలు, చీటీలు వేరే సంగతి, వాటికి ఆ గదిలో ఉండే హక్కుంది.

అన్నట్టు ఒక విచిత్రం ఎప్పుడైనా గమనించారా? థీఫ్ మొత్తం వెలుగు నీడల మీదే నడుస్తుంది, స్క్రీన్ కింద ఒక రత్నం లాంటిది మనం ఎంత కనబడుతున్నామో చెబుతూ ఉంటుంది. దీపం కింద నిలబడితే పట్టుబడ్డట్టే. కానీ కటిక చీకట్లో మూలన నక్కి ఉత్తరం తెరిస్తే అక్షరాలు శుభ్రంగా కనబడతాయి! చదవాలంటే దీపం దగ్గరికి వెళ్లి తీరాలి అని పెట్టుంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. పాజ్ ఉన్నా లేకపోయినా ఆ నాలుగడుగులు వేయడానికే చెమటలు పట్టేవి. ఇన్నేళ్లుగా నాకు ఆ కోరిక తీరలేదు.

సెవాస్తోపోల్_బాధితుడు:

ఆగకూడదు. చర్చే లేదు.

ఏలియన్ ఐసొలేషన్ ఆడండి బ్రో (2014). ఒక ఏలియన్ మనల్ని వేటాడే అంతరిక్ష స్టేషన్‌లో అక్కడక్కడా పాత కంప్యూటర్లు ఉంటాయి, పచ్చ అక్షరాలు, లావుపాటి మానిటర్లు. దాని ముందు నిలబడి మెసేజ్‌లు తెరిస్తే మన చూపు ఆ స్క్రీన్‌కే అతుక్కుపోతుంది, వెనక ఏం జరుగుతోందో కనబడదు, కానీ ఆట మాత్రం ఆగదు. ఎవడో ఉద్యోగి జీతం గురించి మొత్తుకున్న మెయిల్ చదువుతుంటే పైన గొట్టంలో ధడేల్‌మని చప్పుడు. ఇంకో రెండు లైన్లున్నాయి. చదవాలా, పారిపోవాలా? నేను చదివాను, చచ్చాను. ఆ మెయిల్‌లో ఏముందో ఇప్పటికీ గుర్తుంది, మీ పడకగది డైరీ మీకు గుర్తుంటుందా? సేవ్ చేసుకోవడానికి కూడా అక్కడ గోడకున్న ఫోన్ బాక్స్ దగ్గరికే వెళ్లాలి, సేవ్ అయ్యేలోపు ఆ ఏలియన్ వెనక నుంచి వచ్చి చంపేస్తుంది. అదీ గేమ్ అంటే.

దీనికన్నా ముందే 2000లో డ్యూస్ ఎక్స్ ఈ పని చేసింది. నేల మీద దొరికే డేటాక్యూబ్ తెరిస్తే స్క్రీన్‌లో కొంత భాగంలోనే అక్షరాలు వస్తాయి, మిగతా లోకం కదులుతూనే ఉంటుంది, దాని నుంచి దూరం జరిగితే అక్షరాలు మాయం. ఒక కన్ను పాస్‌వర్డ్ మీద, ఒక కన్ను తలుపు మీద.

చిత్తు_కాగితం:

సెవాస్తోపోల్ తమ్ముడూ, "చర్చే లేదు" అని తేల్చేయకు, చాలా ఉంది.

నేను పది దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ చదవగలను, కానీ ఈ గేమ్‌ల్లో రాసే ఇంగ్లిష్ ఒక తీరుగా ఉండదు. థీఫ్‌లో హ్యామరైట్ మతం వాళ్ల రాతలు పాత బైబిల్ భాషలో ఉంటాయి, ప్రకృతిని కొలిచే పేగన్‌ల మాటలు కావాలని వంకరగా రాస్తారు, డిజానర్డ్‌లో ఉన్నింటివాళ్ల ఉత్తరాల్లో మెలికలు తిరిగిన వాక్యాలు. అలాంటి పేజీని వెనక ఏలియన్ వస్తుండగా చదవమంటే నాకు కలిగేది భయం కాదు, చిరాకు. నువ్వు రెండు లైన్లు వదిలేసి పారిపోతావు, నేను రెండు లైన్లు చదివేసరికే పోతాను. ఆట ఆగకపోవడం చకచకా చదివేవాళ్లకు థ్రిల్, మిగతావాళ్లకు పరీక్ష హాలు. ఈ గేమ్‌లు తెలుగులో రావు కదా, వచ్చేదాకా నాకు పాజ్ కావాలి. సోఫాలో కూర్చుని టీవీలో ఆడేవాళ్లనీ అడగండి, ఆ చేతిరాత ఫాంట్ చీమల బారులా కనిపిస్తుంది.

డ్యూస్ ఎక్స్‌లో నాకు నచ్చింది ఇంకొకటి. చదివిన సంగతి మన నోట్స్‌లో పడి ఉంటుంది, గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఎదురుగా ఉన్నప్పుడు గబగబా చూసి, తర్వాత సురక్షితమైన మూల చూసుకుని నెమ్మదిగా అర్థం చేసుకోవచ్చు. దొంగ అయినా గూఢచారి అయినా నిజంగా చేసేది అదే కదా, కాగితం జేబులో వేసుకుని బయటపడతాడు గానీ అక్కడే నిలబడి పారాయణం చేయడు.

ఇక ఆట ఆగినా భయం ఎక్కడికీ పోదనడానికి థీఫ్ మూడో గేమ్‌లో (2004) షేల్‌బ్రిడ్జ్ క్రేడిల్ అనే లెవెల్ చాలు. అనాథాశ్రమం, తర్వాత పిచ్చాసుపత్రి, కొన్నాళ్లు రెండూ ఒకే కప్పు కింద. ఆ ఒక్క ముక్క చదివితేనే కడుపులో ఏదోలా అవుతుంది. మొదటి సగంలో మనల్ని వెంటాడేవాడు ఒక్కడూ లేడు, ఖాళీ భవనం, చప్పుళ్లు, అంతే. ఆ చోటు గురించి, అక్కడి రోగుల గురించి చదివి ఉంటాం, తర్వాత వాళ్లే వరండాలో ఎదురైతే ఒక్కొక్కరు ఎవరో మనకు తెలుసు. అక్కడ ఆట ఆగిందా లేదా అన్నది నాకు గుర్తుకైనా రాలేదు.

సెవాస్తోపోల్_బాధితుడు:

అక్కా, భాష సంగతి ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. సెట్టింగ్స్‌లో "చదివేటప్పుడు పాజ్" అని ఒక స్విచ్ పెడితే గొడవ వదిలిపోతుంది. కానీ నాది మాత్రం ఆఫ్‌లోనే ఉంటుంది.

పాత_సీడీ:

గేమ్ లోపలి కాగితాల గురించి మాట్లాడుతున్నారు, నేను గేమ్ బయటి కాగితం వల్ల దెబ్బతిన్నవాణ్ని. మెటల్ గేర్ సాలిడ్, 1998. ఒకచోట మెరిల్ అనే పాత్రకి రేడియోలో కాల్ చేయాలి, ఫ్రీక్వెన్సీ ఏంటంటే సీడీ బాక్స్ వెనక చూడమంటారు. నేను గేమ్‌లో నా దగ్గరున్న డిస్క్‌ని కిందా మీదా తిప్పి చూస్తున్నాను. వాళ్లు చెప్పింది నిజమైన బాక్స్, షాపులో కొన్న గేమ్ బాక్స్ వెనకున్న ఫోటో! నా దగ్గర ఉన్నది మార్కర్‌తో "మెటల్ గేర్" అని రాసిన పైరేటెడ్ సీడీ, ప్లాస్టిక్ కవర్‌లో. చివరికి అంకెలన్నీ ఒక్కొక్కటి తిప్పుకుంటూ పోతే 140.15 దగ్గర ఆవిడ పలికింది. ఇమ్మర్షన్, అంటే ఆటలో మునిగిపోవడం అంటే ఇదీ, నా దరిద్రం కూడా కథలో భాగమైపోయింది.

రాత్రి_బిల్డ్:

హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో లెవెల్ డిజైన్ చేస్తాను, స్టెల్త్ గేమ్ కాదు గానీ కాగితాల గొడవ మాకూ ఉంది. కాస్త లోపలి సంగతి చెబుతాను.

కాగితం చవక. ఒక గార్డు చేత నాలుగు మాటలు పలికించాలంటే వాయిస్ ఆర్టిస్టు కావాలి, రికార్డింగ్ కావాలి, కథ మారితే మళ్లీ పిలవాలి. కాగితం మీదైతే రిలీజ్‌కి కాస్త ముందు దాకా మార్చుకోవచ్చు. అందుకని టెస్టింగ్‌లో జనం ఏదైనా తలుపు దగ్గర ఇరుక్కుపోతున్నారనుకోండి, మొదట చేసే వైద్యం ఆ పక్కన ఒక చీటీ పడేయడమే. "లాకర్ కోడ్ లాకర్ పక్కనే ఎందుకు రాసుకున్నాడు, వెధవ" అని మీరు నవ్వుకునేవి చాలావరకు ఇలా పుట్టినవే అయ్యుంటాయి. (అయినా నవ్వకండి, మా ఆఫీస్‌లో వైఫై పాస్‌వర్డ్ రిసెప్షన్ గోడ మీదే అంటించి ఉంది.)

రెండోది, ఇది మేడమీది_దొంగ గారి ప్రశ్నకి దగ్గర. ప్లేయర్ చదువుకోవాలని మేమే ఆ గదిని ఖాళీగా ఉంచుతాం, గార్డు తిరిగే దారి దాని గుమ్మం ముందు నుంచి పోతుంది గానీ లోపలికి రాదు. కొన్ని గంటలు ఆడాక మీ బుర్ర ఆ కిటుకు పట్టేస్తుంది. కాగితం ఉన్న బల్ల కనబడితే ఇక్కడికి ఎవరూ రారని మీకు తెలిసిపోతుంది, టెన్షన్ డైరీ తెరవకముందే దిగిపోతుంది. పాజ్ తీసేసినా అది తిరిగి రాదు. రావాలంటే అప్పుడప్పుడు ఆ గది మనిషి నిజంగా వచ్చి కూర్చోవాలి, పోయిన డైరీ కోసం వెతుక్కోవాలి, గార్డుని కేకేయాలి. అది చేయడం కష్టం, అందుకే తక్కువ మంది చేస్తారు.

చదివించకుండా చెప్పే దారులూ ఉన్నాయి. థీఫ్ మొదటి మిషన్‌లో బాఫర్డ్ అనే ధనవంతుడి ఇంటి దగ్గర ఇద్దరు గార్డులు ఎలుగుబంట్ల పోటీల గురించి మాట్లాడుకుంటారు, నీడలో నిలబడి వింటాం, లోకం ఆగదు, కళ్లు ఖాళీగానే ఉంటాయి. డిజానర్డ్‌లో ఆ గుండెకాయ ఉంది చూడండి, ఎవరి వైపు చూపించి నొక్కితే వాళ్ల రహస్యం గుసగుసగా చెబుతుంది. ఒక్క వాక్యం, చాలు. గొంతు మీద కత్తి పెట్టబోయినవాడి గురించి అది ఏదో చెప్పడం, నేను చెయ్యి వెనక్కి తీసుకోవడం చాలాసార్లు జరిగింది. అల్మారా నిండా పుస్తకాలు ఆ పని చేయలేవు.

బాఫర్డ్_గారి_పనివాడు:

గుండెకాయ విషయంలో మీ మాటే నా మాట. ఖాళీ గది సంగతి మాత్రం ఎందుకు చెప్పారండీ, ఇక ప్రతి గదిలో అదే కనబడుతుంది నాకు.

మేడమీది_దొంగ:

అందరికీ థాంక్స్. రాత్రి అదే మేడ మీద రాత్రి_బిల్డ్ గారు చెప్పింది పరీక్షించాను, డైరీ తెరవకుండా ఆ గదిలో మూలన కూర్చుని గార్డు తిరగడమే చూశాను. నేను చూసినంతసేపూ వాడు గుమ్మం దాకా వచ్చి వెళ్లాడు తప్ప లోపలికి అడుగు పెట్టలేదు. ఆ తర్వాత కిందికి దిగి ఈసారి అతిథుల కబుర్లతోనే పని కానిచ్చాను, చాలా బాగుంది, పోతూ పోతూ అతిథుల పుస్తకంలో మన పాత్ర కోర్వో పేరుతో సంతకం కూడా పెట్టాను (చంపడానికి వచ్చినవాడు సంతకం పెట్టి పోవడం ఏంటో!).

చిత్తు_కాగితం గారూ, క్రేడిల్ ఇప్పటిదాకా ఆడలేదు, ఈ వారం మొదలుపెడతాను. దీని తర్వాత డిజానర్డ్ 2 అనుకుంటున్నాను. అందులో కాగితాల పరిస్థితి ఏంటి?

చిత్తు_కాగితం:

పుస్తకాలు అలాగే ఉన్నాయి, పాజ్ కూడా ఉంది. కానీ డస్ట్ డిస్ట్రిక్ట్ అనే పేటలో జిండోష్ అనే ఆవిష్కర్త చేసిన తాళం ఉన్న తలుపు వస్తుంది. పక్కనే ఒక కాగితం, అందులో ఐదుగురు ఆడవాళ్లు, ఎవరు ఏ ఊరు, ఏం తాగుతారు, ఏ రంగు కట్టుకున్నారు, ఎవరి దగ్గర ఏ వారసత్వపు నగ ఉంది అని పొడుపు కథలా ఉంటుంది. జవాబు ఒక్కో ఆటకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి నెట్‌లో వేరేవాళ్ల జవాబు చూసి కొట్టేయడం కుదరదు. ఓపిక లేకపోతే ఆ పేటలో కొట్టుకుంటున్న రెండు వర్గాల్లో ఒకరి నాయకుణ్ని ఇంకొకరికి అప్పగించి జవాబు రాబట్టొచ్చు. నేను మాత్రం నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని కూర్చున్నాను, ఇంగ్లిష్ ఎంత నెమ్మదిగా చదివినా ఫరవాలేని చోటు అదొక్కటే దొరికింది నాకు. తలుపు తెరుచుకున్నప్పుడు రాత్రి రెండయింది, మా ఆయన లేచి వచ్చి ఎందుకు అరిచావని అడిగాడు.

పెన్ను దగ్గర పెట్టుకో.