ప్రభుత్వం, ఫర్మ్, బోర్డు: లాయర్‌గా ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. ఉస్మానియాలో ఎల్‌ఎల్‌బీ చేసి, ఎల్‌ఎల్‌ఎం కోసం కొత్తగా ఫిలడెల్ఫియా వచ్చాను. ఇక్కడి పెద్ద లాయర్లు కొన్నాళ్లు ప్రభుత్వంలో, కొన్నాళ్లు ఫర్మ్‌లో, ఆ తర్వాత కంపెనీ బోర్డుల్లో ఉంటారని వింటున్నాను. నాకూ ఆ దారే నచ్చింది. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు:

చెల్లెమ్మా, నువ్వు దిగిన ఊరివాడే విలియం కోల్మన్. ముందు ఆయన గురించి చదువు. 1946లో హార్వర్డ్ లాలో క్లాస్ ఫస్ట్. 1948లో సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్ దగ్గర లా క్లర్క్‌గా, అంటే కేసుల పనిలో జడ్జికి సాయపడే లాయర్‌గా చేరాడు. ఆ పని దొరికిన మొదటి నల్లజాతి లాయర్ ఆయనే. ఇంత ఉన్నా సొంతూళ్లో ఏ పెద్ద ఫర్మూ తీసుకోలేదు. న్యూయార్క్‌లో ఉద్యోగం ఇస్తే, ఫిలడెల్ఫియా నుంచి రైల్లో వెళ్లొచ్చేవాడు. 1952లో గానీ సొంతూళ్లో చోటు దొరకలేదు. బళ్లలో జాతి వేర్పాటును కొట్టేయించిన బ్రౌన్ కేసుకి పౌరహక్కుల లాయర్ థర్గుడ్ మార్షల్‌తో కలిసి పనిచేసింది కూడా ఆ రోజుల్లోనే.

1975లో ప్రెసిడెంట్ ఫోర్డ్ రవాణా మంత్రిని చేశాడు. ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకర్డ్ విమానాలను అమెరికాలో దిగనివ్వాలా వద్దా అని పెద్ద గొడవ నడుస్తున్న సమయం అది. కోల్మన్ దాన్ని కింది అధికారులకు వదిలేయలేదు. 1976 జనవరిలో తానే కూర్చుని బహిరంగ విచారణ జరిపాడు. ఫిబ్రవరిలో 16 నెలల ప్రయోగానికి ఒప్పుకుంటూ, ఎందుకు ఒప్పుకున్నాడో కారణాలన్నీ రాసి బయటపెట్టాడు. లాయర్ బుద్ధి అంటే నాకు అదే.

పదవి అయ్యాక ఓమెల్వెనీ అండ్ మయర్స్ ఫర్మ్‌లో చేరాడు. ఐబీఎం, పెప్సీకో, పాన్ ఆమ్ లాంటి కంపెనీల బోర్డుల్లోనూ ఉన్నాడు. నాకు వాటికంటే బాబ్ జోన్స్ యూనివర్సిటీ కేసు ముఖ్యం. జాతి వివక్ష పాటించే బడికి పన్ను మినహాయింపు ఇవ్వాలా అన్నది ప్రశ్న. 1982లో ప్రభుత్వమే తన వాదన నుంచి వెనక్కి తగ్గితే, మినహాయింపు ఇవ్వకూడదని వాదించే పని సుప్రీంకోర్టు కోల్మన్‌కి అప్పగించింది. మరుసటి ఏడాది 8–1తో ఆ వాదనే నెగ్గింది. ఆయన రిపబ్లికన్, అవతల ఉన్నది రీగన్ ప్రభుత్వం. సొంత పార్టీ అని ఆగలేదు. కోర్టు అలాంటి మనిషినే పిలుస్తుంది, బోర్డులు కూడా.

ఇక నీ సంగతి. ఫెడరల్ ప్రభుత్వంలో లాయర్ ఉద్యోగాలు దాదాపు అన్నిటికీ సిటిజన్ అయి ఉండాలి, కాబట్టి ఆ దారి ఇప్పటికి పక్కన పెట్టు. ముందు చూడాల్సింది బార్, అంటే లాయర్ లైసెన్స్ పరీక్ష. మన డిగ్రీతో వచ్చినవాళ్లు ఎక్కువగా న్యూయార్క్ బార్ రాస్తారు. కోర్సులు ఎంచుకోకముందే నీ అర్హత ఏమిటో అక్కడి బార్ పరీక్షల బోర్డుకి రాసి తేల్చుకో. ఎల్‌ఎల్‌ఎంలో కనీసం 24 క్రెడిట్లు, అందులో కొన్ని తప్పనిసరి సబ్జెక్టులు ఉంటాయి. ఫీజు కట్టాక తెలిస్తే ఏడాది పోతుంది. లైసెన్స్ కోసం 50 గంటలు ఉచిత న్యాయసేవ కూడా చూపించాలి. దాన్ని మొక్కుబడిగా కానివ్వకు. ఇళ్లు ఖాళీ చేయించే కేసో, శరణార్థి కేసో పట్టుకో. నీ పని దగ్గర నుంచి చూసి, రేపు నీ గురించి నాలుగు మాటలు చెప్పే సీనియర్ అక్కడే దొరుకుతారు.

ఇంకొకరు:

అన్నగారు చెప్పినదానికి బోర్డుల గురించి ఒక మాట కలుపుతాను. పెద్ద కంపెనీలదాకా ఎందుకు, మన సంఘాల బోర్డులే లాయర్ కోసం చూస్తుంటాయి. చేరేముందు ఆ సంఘం ఫారం 990, అంటే లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్ను శాఖకు పంపే ఫారం, అడిగి తీసుకోండి. స్వప్రయోజనాల విషయంలో రాతపూర్వక నియమం ఉందా, ఫారం పంపకముందు బోర్డు సభ్యులందరికీ చూపించారా అని అందులోనే అడుగుతారు. రెండిటికీ ‘లేదు’ అని ఉంటే, ఎందుకు లేదో కోశాధికారిని అడగండి. డైరెక్టర్‌గా పేరు పెట్టాక లెక్కలు నాకు తెలియవంటే కుదరదు. జీతం లేని పనైనా సరే, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నారు కాబట్టి మీ స్కూల్లో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుని అడిగాకే ఒప్పుకోండి. లైసెన్స్ వచ్చేదాకా ఎక్కడా అటార్నీ అని రాసుకోకండి, సంఘం వెబ్‌సైట్‌లో వాళ్లు రాసినా తీయించండి.