న్యూయార్క్ బడిపిల్లల గజ్జి, తామర, పేలకు 1902 ప్రాంతంలో వైద్యం చేసిందెవరు?

ప్రశ్న:
నమస్కారం. న్యూయార్క్ నగరంలో 1897 నుంచి వైద్యులు బడులకు వెళ్లి పిల్లలను పరీక్షించి, అంటుజబ్బు కనిపించినవారిని ఇంటికి పంపేవారని చదివాను. అలా పంపిన తరువాత వారికి వైద్యం ఎవరు చేసేవారు? ఏ మందులు వాడేవారు? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
1902 వరకు ఆ బాధ్యత ఎవరూ తీసుకోలేదనే చెప్పాలి. పిల్లవాడి చేతికి ఒక చీటీ ఇచ్చి పంపేవారు. ఇంగ్లీషు చదవడం రాని వలస కుటుంబాలకు అది అర్థమయ్యేది కాదు కనుక, జబ్బు అలాగే ఉండిపోయి, ఆ పిల్లవాడు బడి వదిలాక వీధిలో అదే తోటిపిల్లలతో ఆడుకునేవాడు. ఈ పరిస్థితి చూసి, పేదల ఇళ్లకు నర్సులను పంపే హెన్రీ స్ట్రీట్ సంస్థను నడుపుతున్న లిలియన్ వాల్డ్, ఆ ఏడాది అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును ఒక నెల ప్రయోగంగా నాలుగు బడులకు పంపారు. ఆమె బడిలోనే పుండ్లు కడిగి, మందు రాసి, కట్టు కట్టి పిల్లలను తిరిగి తరగతికి పంపేవారు. తరువాత ఇళ్లకు వెళ్లి ఆ పని ఎలా చేయాలో తల్లులకు చూపించేవారు. అంతకుముందు సెప్టెంబరులో పది వేలకు పైగా పిల్లలను ఇళ్లకు పంపగా, మరుసటి సెప్టెంబరు నాటికి ఆ సంఖ్య సుమారు 1,100కు తగ్గింది. నా దృష్టిలో ఈ ఫలితం మందులకన్నా ఆ ఇంటింటి సందర్శనకే ఎక్కువ చెందుతుంది.

రెండవ జవాబు:
మందుల సంగతి చెబుతాను. పేలకు కిరోసిన్‌లో నూనె కలిపి తలకు పట్టించేవారు. మంట దగ్గరకు వెళ్లకూడదని హెచ్చరించవలసి వచ్చేది. గజ్జికి గంధకం లేపనం రాసేవారు. చీము పొక్కులకైతే ముందుగా పెచ్చులను నానబెట్టి తీసి, పాదరసం కలిసిన తెల్లని లేపనం పూసేవారు. కళ్లకలకకు బోరిక్ ద్రావణంతో కడిగేవారు. కంటిరెప్ప లోపలి పొరను గరుకుగా మార్చే అంటుజబ్బు ట్రకోమా వైద్యం మాత్రం పిల్లలకు నిజంగా నరకమే: రెప్పను తిరగేసి, లోపలి గరుకు పొర మీద మైలుతుత్తం పలుకుతో రుద్దేవారు, అదీ నెలల తరబడి. తలలోని తామరకు ప్యారిస్‌లో సబురో అనే చర్మవైద్యుడు 1904లో ఎక్స్‌రే చికిత్సను ప్రవేశపెట్టారు. వెంట్రుకలు రాలిపోయి తామర తగ్గేది. అయితే ఆ పద్ధతి వల్ల థైరాయిడ్, మెదడు కణుతుల ముప్పు పెరుగుతుందని కొన్ని దశాబ్దాల తరువాత తేలింది.

మూడవ జవాబు:
మొదటి జవాబులోని ఇంటింటి సందర్శన ఎంత అవసరమో 1906 జూన్ ఘటన చెబుతుంది. న్యూయార్క్‌లో వలస యూదులు ఎక్కువగా ఉండే ఈస్ట్ సైడ్ ప్రాంతపు బడుల్లో, పిల్లల ముక్కు వెనుక పెరిగే అడినాయిడ్లు అనే కండకు శస్త్రచికిత్సలు చేయించగా, డాక్టర్లు పిల్లల గొంతులు కోస్తున్నారన్న పుకారు పుట్టి, వేలాది యూదు తల్లులు బడులను చుట్టుముట్టారు. అనుమతి పత్రాలపై సంతకాలు తీసుకున్నా, వాటిలో ఏముందో చాలామందికి తెలియదు. ఆ తల్లులను అజ్ఞానులని నిందించడం నాకు న్యాయంగా తోచదు.