"లవర్" ఆల్బమ్‌కి మొదటి సింగిల్‌గా "మీ!" ఎందుకు వేసినట్టు?

నల్లగొండ స్విఫ్టీ:

సూటిగా అడుగుతున్నా, ఎవరూ ఫీలవ్వద్దు. అమెరికా సింగర్ టేలర్ స్విఫ్ట్ "లవర్" ఆల్బమ్‌లో 18 పాటలున్నాయి, అందులో రెండోదే "క్రూయెల్ సమ్మర్". అంత పాటను చేతిలో పెట్టుకుని 2019 ఏప్రిల్‌లో మొదటి సింగిల్‌గా (అంటే ఆల్బమ్ నుంచి విడిగా వదిలే పాటగా) "మీ!" ఎందుకు వదిలారు? మా రూమ్మేట్‌కి టేలర్ ఎవరో కూడా తెలియదు, ఆ పాట వినిపిస్తే "ఇదేందే, అంగన్‌వాడీ పిల్లల పాట లెక్కుంది" అంది. కోపమొచ్చింది గానీ ఏమని వాదించను? పాట మధ్యలో "పిల్లలూ, స్పెల్లింగ్ భలే సరదా" అన్నట్టు ఒక ముక్క ఉండేది కదా, జనం తెగ ఎగతాళి చేశారు, ఆల్బమ్ వచ్చేసరికి వాళ్లే దాన్ని తీసేశారు. మళ్లీ అదే పిల్లకి "క్రూయెల్ సమ్మర్" పెడితే నా చెవిలోని ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కుంది, బ్రిడ్జ్‌లో (చివరి పల్లవికి ముందు ట్యూన్ మారే ముక్క) టేలర్ పాడటం మానేసి దాదాపు అరిచే చోటు వచ్చేసరికి స్క్రీన్ మీద వేలు పెట్టి వెనక్కి జరుపుకుంటూ అక్కడే తిరిగింది. రేపు ఇంటర్నల్స్ పెట్టుకుని! అలాంటి పాట సింగిల్ అయింది 2023 జూన్‌లో, అమెరికా పాటల ర్యాంకింగ్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 1కి వెళ్లింది అక్టోబర్‌లో. నాలుగేళ్లు మూలన పడేశారు. ఈ ప్లాన్ ఎవరిదో గానీ దండం పెట్టాలి.

మిర్యాలగూడ మ్యూజిక్:

మొదటి సింగిల్ అంటే ఆల్బమ్‌లో అన్నిటికన్నా మంచి పాట అయి ఉండాలని ఎక్కడుంది చెల్లె? దాని పని వేరు. 2017లో వచ్చిన ముందు ఆల్బమ్ "రెప్యుటేషన్" అంటే అంతా నలుపు, పాములు, పగ. ఆ కథ అయిపోయిందని ఆల్బమ్ సంగతి పట్టించుకోని మనిషికి కూడా ఒక్క చూపులో తెలియాలి. "మీ!" వీడియో మొదట్లోనే పాము పగిలి సీతాకోకచిలుకలై ఎగిరిపోతుంది, ఇక వేరే చెప్పేదేముంది. పైగా పాత రికార్డు కంపెనీ వదిలి రిపబ్లిక్‌కి వచ్చాక చేసిన మొదటి ఆల్బమ్ అది, మాస్టర్స్ (అసలు రికార్డింగులు) మీద హక్కు తనకే ఉన్న మొదటి ఆల్బమ్ కూడా. అలాంటప్పుడు పిల్లల నుంచి పెద్దల దాకా ఎవరికైనా ఎక్కే పాటే ముందు వేస్తారు.

అంకెలు చూసినా అది ఫ్లాప్ కాదు. హాట్ 100లో 100వ స్థానం నుంచి ఒక్క వారంలో 2కి ఎగబాకింది. పైన లిల్ నాస్ ఎక్స్ పాట "ఓల్డ్ టౌన్ రోడ్" కూర్చుని ఉంది, ఆ ఏడాది అది 19 వారాలు 1 మీదే ఉంది, దాన్ని కదిలించడం ఎవరి వల్లా కాలేదు. రెండో సింగిల్ "యు నీడ్ టు కామ్ డౌన్" కూడా దాని కిందే 2 దగ్గర ఆగింది. "క్రూయెల్ సమ్మర్" వేసి ఉంటే దాటేదని గ్యారంటీ ఏమీ లేదు.

ఇంకా వెనక్కి పోదాం, నేను క్యాసెట్ల కాలం మనిషిని. మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్" నుంచి 1982లో ముందు వదిలింది ఏ పాట? పాల్ మెక్‌కార్ట్నీతో కలిసి పాడిన "ది గర్ల్ ఈజ్ మైన్". "బిల్లీ జీన్" రెడీగా ఉండగా! అదీ ఇద్దరు పాడిన మెత్తటి పాటే, ఇదీ ఇద్దరు పాడిన పాటే. ఆ ఆల్బమ్‌కి ఏం తక్కువైంది? 9 పాటల్లో 7 సింగిల్స్, ఏడూ టాప్ 10.

పాలమూరు పోరడు:

అన్నా, థ్రిల్లర్ పోలిక సగం వరకే కరెక్ట్. అక్కడ మొదటి పాట మెత్తగా ఉన్నా 1983 జనవరిలో "బిల్లీ జీన్", ఆ వెంటనే "బీట్ ఇట్" దిగాయి. మొదటి పాట సంగతి జనం మర్చిపోయారు. ఇక్కడ రెండో పాట ఏది? అసలు గొడవ ఏప్రిల్ గురించి కాదు, రెండో సింగిల్ వదిలిన జూన్ గురించి. పాట పేరులోనే సమ్మర్ ఉంది. ఆల్బమ్ వచ్చింది ఆగస్టు 23న, అప్పటికి అమెరికాలో ఆ సీజన్ అయిపోవస్తుంది. (అసలు ఆమె సమ్మర్ ఒకసారి మే నెలలో మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో నిలబడి పాడితే తెలుస్తుంది క్రూయెల్ అంటే ఏంటో.) జూన్‌లో ఈ పాట వదిలి ఉంటే రెండు నెలలు ప్రతి కారులో అదే మోగేది, ఆల్బమ్‌కి జనం ఎదురుచూసేవాళ్లు. ఆగస్టులో టైటిల్ పాట ఎలాగూ వచ్చింది, దాని మీద నాకేం కంప్లయింట్ లేదు, పెళ్లి వీడియోలకి ఇప్పటికీ అదే వాడుతున్నారు.

దేవరకొండ అక్క:

తమ్మీ, జూన్ ఖాళీగా ఉందనుకున్నవా? అక్కడ జూన్ అంటే ప్రైడ్ నెల, గే, ట్రాన్స్ వాళ్ల హక్కుల కోసం జరుపుకునేది. "యు నీడ్ టు కామ్ డౌన్" ఆ నెల కోసమే వచ్చిన పాట, వీడియో చివర వాళ్ల మీద వివక్ష ఆపే ఈక్వాలిటీ యాక్ట్ బిల్లు కోసం సంతకాలు చేయమని కూడా అడిగింది. దాన్ని సెప్టెంబర్‌కి జరిపితే అర్థం ఉండదు. అందుకే నీ పాటకి ఆ నెలలో చోటు దొరకలేదు.

ఇంకోటి మర్చిపోతున్నరు. "క్రూయెల్ సమ్మర్"ని సింగిల్ చేద్దామనుకున్నామని, కరోనా వచ్చి ఆగిపోయిందని 2023లో ఎరాస్ టూర్ స్టేజీ మీద ఆమే చెప్పింది. 2020లో అక్కడి ఎండాకాలంలో లవర్ ఫెస్ట్ కచేరీలు పెట్టుకున్నరు, అవన్నీ క్యాన్సిల్. ఆ జూలైలోనే మెత్తటి పాటల కొత్త ఆల్బమ్ "ఫోక్‌లోర్" వచ్చేసింది, ఇక అడవిలో గిటార్ పట్టుకుని తిరిగే టైమ్‌లో పాత ఆల్బమ్ నుంచి డ్యాన్స్ పాట ఎట్ల వదులుతరు? కాబట్టి మూలన పడేసిండ్రు అనే మాట న్యాయం కాదు.

అసలు ఆ పాటను 1కి ఎక్కించింది టూరే. షో మొదలవగానే పూర్తిగా పాడే మొదటి పాట అదే. ఈ రాత్రికి మొదటి బ్రిడ్జ్ వచ్చింది, మీరే అందుకోండి అన్నట్టు స్టేడియం మొత్తానికి వదిలేస్తది. టూర్ మన దేశం రాలేదు, దగ్గరంటే సింగపూరే, అంత డబ్బులు ఎవరి దగ్గరున్నయ్. కాన్సర్ట్ సినిమా హైదరాబాద్‌లో చూసిన. పక్క సీట్లో టెన్త్ పిల్ల, వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. బ్రిడ్జ్ రాగానే ఆ పిల్ల కుర్చీ మీదెక్కి గొంతు చించుకుంటుంటే తల్లి ఒక చేత్తో చున్నీ పట్టుకుని కిందికి గుంజుతూ, రెండో చేత్తో ఫోన్‌లో వీడియో తీస్తుంది. 2019లో రేడియోలో వేస్తే ఈ అరుపులు వచ్చేవా? నాకైతే డౌటే.

వనపర్తి వాయిద్యం:

మన సినిమాల వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది వీళ్లు. "అల వైకుంఠపురములో"కి 2019 సెప్టెంబర్‌లో ముందు "సామజవరగమన" వదిలారు, సిద్ శ్రీరామ్ గొంతు, మెలోడీ. తర్వాత "రాములో రాములా", మంగ్లీ, అనురాగ్ కులకర్ణి, బారాత్‌లో డీజే బాక్సులు పగిలిపోయేలా. సినిమా ముందర "బుట్టబొమ్మ". మూడూ మూడు రకాల జనానికి. మొదటి పాటతోనే తమన్ గెలిచేశాడు, మిగతావి బోనస్.

కాకపోతే మనకు పాట టికెట్ అమ్మడానికి, వాళ్లకు పాటే సరుకు. ఇప్పుడు ఆమె ఆ పద్ధతే మానేసింది గమనించారా? 2022లో "మిడ్‌నైట్స్"కి ముందు ఒక్క సింగిల్ లేదు, ఆల్బమ్ మొత్తం ఒకేసారి. హాట్ 100 టాప్ 10 మొత్తం ఆమె పాటలే. 2024 ఆల్బమ్‌కి అయితే టాప్ 14. స్ట్రీమింగ్‌లో ఏది హిట్టో వినేవాళ్లే తేలుస్తుంటే కంపెనీ కూర్చుని ఏది ముందు, ఏది వెనక అని టెన్షన్ పడటం దేనికి? "మీ!" లాంటి లీడ్ సింగిల్ మళ్లీ ఆమె నుంచి వస్తుందని నేను అనుకోను.

నల్లగొండ స్విఫ్టీ:

సరే, కరోనా మాట ఒప్పుకుంటా అక్కా, ప్రైడ్ నెల సంగతీ ఒప్పుకుంటా. కానీ 2020 జనవరిలో ఇంకో సింగిల్ వేశారుగా, "ది మ్యాన్". అప్పటికి అమెరికాలో లాక్‌డౌన్ లేదు. ఆ ప్లేస్‌లో "క్రూయెల్ సమ్మర్" వేయడానికి ఏం అడ్డం వచ్చింది?

పాలమూరు పోరడు:

జనవరిలో సమ్మర్ పాటా? సంక్రాంతికి మామిడికాయ అడిగినట్టుంది.

దేవరకొండ అక్క:

"ది మ్యాన్" జోలికి రాకు చెల్లె, మర్యాదగా చెప్తున్న. దాని వీడియోలో మగవాడి వేషం ఆమెదే, డైరెక్షన్ ఆమెదే. ఆ పాట తీసేసి ఇంకోటి పెట్టాలంటే ముందు నాతో కొట్లాడాలి. తీసేయాలనుకుంటే ఏప్రిల్‌ది తీసేయ్, అడ్డం రాను.

మిర్యాలగూడ మ్యూజిక్:

మళ్లీ "మీ!" దగ్గరికే వచ్చారు. నేను మా పాపకి అన్నం తినిపించేది ఆ వీడియో పెట్టే, మీరేమన్నా అనుకోండి.