సమస్యాపూరణం: తల్లి పుట్టినదట తనయు పిదప

మిత్రులారా, ఈ వారం ఆటవెలది. 19వ శతాబ్దపు యూరప్‌లో దేశాలు పుట్టిన తీరును తీసుకుని పూరించండి.

సమస్య (ఇదే చివరి పాదం కావాలి): "తల్లి పుట్టినదట తనయు పిదప"

మొదటి పూరణ (ఇటలీని ఏకం చేయడానికి పోరాడిన ఎర్రచొక్కాల దళ నాయకుడు గరిబాల్డీ)

ఎర్ర యంగి వీరు డెప్పుడో జన్మించె,
ఇటలి యన్న దేశ మెక్కడపుడు?
ఏబదేండ్లు దాటి యేర్పడె రాజ్యమ్ము;
తల్లి పుట్టినదట తనయు పిదప!

— పద్యం హాయిగా నడిచింది. యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరాలు) సరిపోయాయి. రెండో పాదం మీద మాత్రం ఒక అభ్యంతరం. గరిబాల్డీ పుట్టిన 1807లో మిలాన్ రాజధానిగా "ఇటలీ రాజ్యం" ఒకటి ఉండేది కదా? దానికి రాజు నెపోలియనే.

— నిజమే అన్నగారూ. కానీ అది ఉత్తరాది ముక్క, అదీ 1814లో నెపోలియన్‌తోపాటే కూలిపోయింది. నేను చెప్పింది 1861 మార్చి 17న టురిన్‌లో ప్రకటించిన రాజ్యం గురించి.

— ఒప్పుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి, నన్ను ఎప్పుడూ కలచివేసేది. ఇటలీని కూడగట్టిన సార్డీనియా రాజ్యం, ఆస్ట్రియాతో యుద్ధంలో సాయపడినందుకు ఫ్రాన్స్‌కు ఏం ముట్టజెప్పింది? సవాయ్ ప్రాంతంతోపాటు నీస్ నగరం, అంటే గరిబాల్డీ పుట్టిన ఊరే! అది 1860లో జరిగింది. పార్లమెంటులో ఆయన మొత్తుకున్నా లాభం లేకపోయింది. అదే ఏడాది మే నెలలో సుమారు వెయ్యిమంది స్వచ్ఛంద సైనికులతో సిసిలీలోని మర్సాలాలో దిగి, దక్షిణాదినంతా గెలిచి సార్డీనియా రాజు చేతిలో పెట్టాడు. కన్న ఊరు పోయినా తల్లిని నిలబెట్టిన కొడుకు! దీని మీద మీరు ఇంకో పద్యం రాయాల్సిందే.

రెండో పూరణ (జర్మనీ)

చిన్న చిన్న రాజ్య చీలికల్ జతగూడె
జర్మనీ యటంచు లోకమనగ
వైరి మేడలోన వైభవమ్ముగ నాడు
తల్లి పుట్టినదట తనయు పిదప!

— రెండో పాదంలో యతిభంగం. "జ"కు "లో" చెల్లదు. "జగము పిలువ" అంటే సరి. అంతకంటే పెద్ద లోపం, పద్యంలో తనయుడే లేడు! మూడో పాదం మాత్రం అద్భుతం. 1871 జనవరి 18న శత్రుదేశమైన ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనపు అద్దాల హాల్లో జర్మన్ సామ్రాజ్య ప్రకటన జరిగిందని ఒక్క ముక్కలో చెప్పేశారు.

— ధన్యవాదాలండీ. జర్మనీని ఏకం చేసిన ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్క్ 1815లో పుట్టాడు కనుక మొదటి రెండు పాదాలు ఇలా మార్చాను:

మంత్రి ముందు పుట్టి మాతృభూమిని గూర్చె
జర్మనీ యటంచు జగము పిలువ

— ఇప్పుడు కుదిరింది. 1849లో జర్మన్ రాజ్యాల ప్రతినిధులు కూడిన ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంటు ఇవ్వజూపిన జర్మనీ కిరీటాన్ని ప్రష్యా రాజు కాదన్నాడు, ప్రజాప్రతినిధుల చేతి నుంచి వచ్చిందని. వెర్సాయ్‌లో ఆ కొత్త దేశపు తొట్టెల చుట్టూ నిలబడింది ఎక్కువగా రాజులూ సైనికాధికారులూ.

మూడో పూరణ (పోలండ్)

మూడు రాజ్యములును ముక్కలు జేయగ
పటము నుండి జారె పాత నేల,
నూట యిరువదేండ్లు నొగిలి మేల్కొన నాడు
తల్లి పుట్టినదట తనయు పిదప!

— ఛందస్సులో వంక లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకోగా 1795లో పోయి 1918లో తిరిగొచ్చిన తల్లి కనుక ఇది పునర్జన్మ. అయితే ఆ కొత్త దేశంలో దాదాపు మూడో వంతు జనం పోలిష్ వాళ్లు కారు. ఉక్రేనియన్లు, యూదులు, బెలారస్ వాళ్లు, జర్మన్లు. వాళ్ల వైపు నుంచి ఇదే సమస్యను ఎవరైనా పూరిస్తారా? ఆదివారం దాకా గడువు ఉంది.