‘అమ్మవారు పోసింది’ అంటే ఏ జబ్బు? ‘అమ్మవారి టీకా’ అంటే ఏ టీకా?

మాటమూట:
టీకా పత్రాలు, స్కూలు ఆరోగ్య ఫారాలు తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చేవాళ్లకు తరచూ తగిలే వాక్యం ‘‘చిన్నప్పుడు అమ్మవారు పోసింది’’. దీన్ని చికెన్‌పాక్స్ అని రాసేయవచ్చా? ‘‘అమ్మవారి టీకా వేయించారు’’ అని ఉంటే చికెన్‌పాక్స్ టీకా గడిలో టిక్కు పెట్టవచ్చా? మాట అర్థంతో పాటు దాని వాడుక ఏ ప్రాంతంలో ఎలా ఉందో కూడా చెప్పండి.

పలుకుతోట:
రెండూ చేయకూడదండి. ‘అమ్మవారు’ ఒక్క జబ్బు పేరు కాదు. ఒంటి మీద పొక్కులో దద్దులో లేచే జబ్బును పేరు పెట్టి పిలవకుండా, గౌరవంగా చెప్పుకునే మాట అది. పాత తరంలో మొదట మశూచికే వాడారు. మశూచినే పెద్దమ్మవారు, స్ఫోటకం అని కూడా అన్నారు. చికెన్‌పాక్స్‌కు స్పష్టమైన తెలుగు మాట ఆటలమ్మ. కొన్నిచోట్ల చిన్నమ్మవారు అంటారు. మీజిల్స్‌ది తట్టు. పొంగు అనే మాట దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. పత్రికల్లో ‘తట్టు’కు జోడుగా కనిపిస్తుంది, ఇళ్లలో ఆటలమ్మను కూడా పొంగు అనేవాళ్లున్నారు.

క్రియ కూడా చూడండి. వచ్చింది, సోకింది అనడం కంటే ‘పోసింది’ అనడమే ఎక్కువ. ఒళ్లంతా ఒక్కసారి లేచిందన్న భావం అందులో ఉంది. తగ్గాక ‘అమ్మవారు దిగింది’ అంటారు, వేపాకు వేసి కాచిన నీళ్లు ‘పోస్తారు’. పోసింది, దిగింది, నీళ్లు పోశారు: జబ్బు నడక మొత్తం ఈ మూడు క్రియల్లో ఉంది. కానీ ఏ జబ్బో మాత్రం వాటిలో లేదు.

ఆటలమ్మ మాట కట్టు తేలికే. ఆటల + అమ్మ, అత్వసంధి. మశూచి సంస్కృతపు మసూరిక నుంచి వచ్చింది. మసూరమంటే మన మసూర్ పప్పు, పొక్కు ఆ గింజ ఆకారంలో ఉంటుందని ఆ పేరు. స్ఫోటకంలో ఉన్నది పగలడం.

సూదిమందు:
వైద్యం వైపు నుంచి కొంత. పేరు తేలనప్పుడు లక్షణాలు అడిగితే తేలుతుంది. ఆటలమ్మలో పొక్కులు ఎక్కువగా వీపు, పొట్ట, ఛాతీ మీద లేస్తాయి, విపరీతమైన దురద. ఒకేచోట కొన్ని ఎర్రని చుక్కలుగా, కొన్ని నీటిపొక్కులుగా, కొన్ని పక్కు కట్టి కనిపిస్తాయి. తట్టులో ముందు మూడు నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం ఉంటాయి. తర్వాత చెవుల వెనక, నుదుటి మీద మొదలై కిందికి దిగే ఎర్రని దద్దు వస్తుంది, అందులో నీరుండదు. మశూచి పొక్కులు ముఖం, చేతులు, కాళ్ల మీద ఎక్కువ, అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఉంటాయి, ఒకచోట ఉన్నవన్నీ ఒకే దశలో ఉంటాయి.

పుట్టిన సంవత్సరం కూడా ఆధారమే. మన దేశంలో మశూచి కేసులు 1975 మేతో ఆగిపోయాయి. ఆ తర్వాత పుట్టినవాళ్ల విషయంలో ‘అమ్మవారు’ అంటే ఆటలమ్మో తట్టో అయివుండాలి, మశూచి కాదు. అంతకు ముందు పుట్టినవాళ్ల దగ్గర మూడు అవకాశాలూ ఉన్నాయి.

ఇప్పుడు ‘అమ్మవారి టీకా’. అది మశూచి టీకా. దాని వైరస్ వేరు, ఆటలమ్మ వైరస్ వేరు. ఆటలమ్మది హెర్పిస్ కుటుంబం. అందుకే జబ్బ మీద పాత టీకా మచ్చ ఉన్నా ఆటలమ్మ నుంచి రక్షణ లేనట్టే లెక్క. ఎడమ జబ్బ మీద ఉండే బీసీజీ మచ్చ క్షయ టీకాది, దానికీ దీనికీ సంబంధం లేదు. మచ్చ చూసి గడి నింపడం చాలా పెద్ద తప్పు.

పలుకుతోట:
‘టీకా’ మాటలోనే రెండు దారులున్నాయి. ‘టీకా తాత్పర్యం’లోని టీక సంస్కృతం, వ్యాఖ్యానం అని అర్థం. సూది టీకా హిందీ వైపు నుంచి వచ్చింది, అక్కడ టీకా అంటే బొట్టు. మశూచికి చర్మం మీద గాటు పెడితే మిగిలే గుర్తు నుంచి ఆ మాట స్థిరపడింది. వ్యాక్సిన్‌లో ఉన్నది ఆవు: లాటిన్‌లో వాకా. 1796లో జెన్నర్ ఆవుపొక్కు రసంతో మశూచిని ఆపడం నుంచి పుట్టిన పేరు. ఈ రెండు పేర్లూ మశూచి కాలంలోవే కాబట్టి పాత ఇళ్లలో విశేషణం లేని ‘టీకా’ అన్నా మశూచి టీకానే అయ్యే అవకాశం ఎక్కువ. వారిసెల్లా అనే వైద్య నామం కూడా వారియోలాకు, అంటే మశూచికి, చిన్నరూపమే. మన ‘చిన్నమ్మవారు’ చేసిన పనే లాటిన్ కూడా చేసింది.

మాటమూట:
‘ఒకసారి పోస్తే మళ్లీ పోయదు’ అనే మాట ఎంతవరకు నిజం? ఆటలమ్మ టీకా ఎన్ని డోసులో కూడా చెప్పగలరా?

సూదిమందు:
ఆ మాట చాలావరకు నిజం. ఆటలమ్మ రెండోసారి రావడం అరుదు. అయితే వైరస్ ఒంట్లోంచి పోదు, వెన్ను పక్కనున్న నరాల ముడుల్లో దాక్కుంటుంది. వయసు మీద పడ్డాకనో, నిరోధక శక్తి తగ్గినప్పుడో ఒక నరం దారినే ఒంటికి ఒకవైపు మంటతో పొక్కులుగా లేస్తుంది. తెలుగులో సర్పి, అక్కి అంటారు. అది కొత్తగా అంటుకున్న జబ్బు కాదు, పాతదే. కానీ సర్పి పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రానివాళ్లకు వచ్చేది ఆటలమ్మే.

టీకా సజీవ వైరస్‌ను బలహీనపరిచి చేసింది. జపాన్‌లో మిచియాకి తకహాషి 1974లో ప్రకటించిన ఓకా రకం నుంచి వచ్చింది. మన ప్రభుత్వ సార్వత్రిక టీకాల జాబితాలో లేదు, ప్రైవేటుగా వేయించుకోవాలి. మొదటి డోసు 15 నెలలకు. రెండోది మూడు నెలల తేడాతో వేయవచ్చు, 4–6 ఏళ్ల దాకా ఆగినా ఫరవాలేదు. 13 ఏళ్లు నిండినవాళ్లకు 4 నుంచి 8 వారాల తేడాతో రెండు. ఒక్కో డోసు 0.5 మిల్లీలీటరు, చర్మం కిందికి. స్పిరిటు దూది తుడిచాక ఆరేదాకా ఆగాలి, లేకపోతే సజీవ వైరస్ దెబ్బతింటుంది. గర్భిణులకు, నిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు వేయరు. వేసుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి, పిల్లలకు ఆరు వారాలు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఒక్క డోసుతో జబ్బు ఆగేది సుమారు 80 శాతం మందిలో, రెండు పడితే 90 దాటుతుంది. టీకా తర్వాత వచ్చినా పొక్కులు 50 లోపే, చాలావాటిలో నీరు కూడా ఉండదు. అందుకే ఇంట్లో దాన్ని దోమకాట్లనో చెమటకాయలనో అనుకుంటారు, స్కూలుకు పంపేస్తారు, అది ఇంకొకరికి అంటుతుంది. ఇంట్లో ఒకరికి లేస్తే, ఇంతవరకు రానివాళ్లకు వీలైతే మూడు రోజుల్లో, ఆలస్యమైతే ఐదు రోజుల్లోపు టీకా వేస్తే చాలాసార్లు జబ్బు ఆగుతుంది, కనీసం తేలికపడుతుంది. లేచినవాళ్లు పొక్కులన్నీ పక్కు కట్టేదాకా బయటికి వెళ్లకూడదు. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది కాబట్టి చూడగానే వేరుపెట్టినా కొంత ఆలస్యమే.

గడప దాటి:
అమెరికా వెళ్లే కుటుంబాలకు ఒక మాట. అక్కడ 1980కి ముందు పుట్టినవాళ్లకు సాధారణంగా ఆటలమ్మ రక్షణ ఉందనే లెక్క వేస్తారు. ఆ నియమం ఆ దేశంలో పుట్టినవాళ్లకే. గుంటూరులోనో వరంగల్‌లోనో పుట్టినవాళ్లకు వర్తించదు. వేడి దేశాల్లో ఆటలమ్మ కాస్త పెద్ద వయసులో వస్తుంది, కాబట్టి రాకుండా పెద్దైనవాళ్లు మనలో ఎక్కువ. నోటిమాట ‘అమ్మవారు పోసింది’ సరిపోదు. వైద్యుడు ఫలానా జబ్బని రాసిన కాగితమో, రక్తపరీక్షో, రెండు డోసుల తేదీలో కావాలి. రెండు డోసుల కాగితం ఉంటే రక్తపరీక్షకు వెళ్లకండి. మామూలు పరీక్షలు టీకాతో వచ్చిన రక్షణను కొన్నిసార్లు పట్టుకోలేవు, అనవసరంగా ‘లేదు’ అని వస్తుంది.

మాటమూట:
ఇక ఇలా మార్చాను. ‘‘అమ్మవారు పోసిందా?’’ బదులు ‘‘ఆటలమ్మ పోసిందా? నీళ్లున్న పొక్కులా, ఎర్రని దద్దా? అప్పుడు వయసెంత? డాక్టరు చూశారా?’’ టీకా దగ్గర ‘‘ఆటలమ్మ టీకా, మొదటి తేదీ, రెండో తేదీ’’.

పలుకుతోట:
బాగుంది. ‘నీళ్లున్న పొక్కులా’ బదులు ‘నీటిపొక్కులా’ అనండి, అదే ఇళ్లలో పలికే మాట. ‘దద్దా’ పక్కన ‘తట్టా, పొంగా’ అని మాత్రం చేర్చకండి. చేరిస్తే మళ్లీ మొదటి గందరగోళమే వస్తుంది.