రుషికుల్య తాబేళ్లను చూడటానికి పిల్లలను తీసుకెళ్లొచ్చా?

హనుమకొండ టీచర్: ఒడిశాలో గంజాం దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి కదా. మా బడి పిల్లలకు చూపించాలని ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కాజీపేట వాసి: కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మన వరంగల్ మీదుగానే పోతుంది మేడం, బరంపురంలో దిగాలి. కానీ ముందే తేదీ పెట్టుకుంటే కష్టం. మేం పోయినప్పుడు ఒడ్డంతా ఖాళీ, ఇంటికొచ్చాక తెలిసింది గుడ్లు పెట్టడం మొదలైందని. 2025 ఫిబ్రవరిలో మాత్రం దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. అక్కడి జాలర్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు, భాషకు ఇబ్బంది లేదు.

భూపాలపల్లి అక్క: నన్నడిగితే తాబేలు పిల్లలు బయటికొచ్చే సమయానికి వెళ్లండి. గుడ్లు పెట్టిన 45 నుంచి 55 రోజులకు పొదుగుతాయి. ఒక్కో గుంటలో వందకు పైగా గుడ్లుంటాయి. చీకట్లో సముద్రం మీది మసక వెలుగే వాటికి దారి. మేమున్న రాత్రి ఎవరో ఫోన్ లైటు వేశారు. నీళ్లవైపు పోతున్న పిల్లలన్నీ వెనక్కి తిరిగి ఆ లైటు దగ్గరికి పాక్కుంటూ వచ్చేశాయి. నాకు ఏడుపొచ్చింది. ఊరి కుర్రాళ్లు వాటిని బకెట్లలో ఏరి నీళ్లదాకా తీసుకెళ్లారు.

హనుమకొండ టీచర్: ఒడ్డున చచ్చిన తాబేళ్లు కూడా కనిపిస్తాయంటున్నారు, ఎందుకని?

కాజీపేట వాసి: ట్రాలర్ల వలల్లో చిక్కి, అంటే వల ఈడ్చుకుంటూ పోయే పెద్ద మరపడవలు. అవి గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి, వలలో ఇరుక్కుంటే ఊపిరాడదు. అందుకే నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఆ నదీముఖం దగ్గర 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. ఏడు నెలలు! చిన్న పడవలవాళ్లకు ఆ నెలల్లో బతుకుదెరువు చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

ఏటూరునాగారం: మన గోదావరి చివర, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ మీద కూడా ఇవే తాబేళ్లు గుడ్లు పెడతాయి, అంత గుంపుగా కాకపోయినా. ఆ తీరాన్ని పోసింది గోదావరి తెచ్చిన ఇసుకే. ఆనకట్టల వెనక అది ఆగిపోతే కింద ఒడ్డు కోతకు గురవుతుంది. పిల్లలకు ముందు ఇక్కడి రేవులో లారీలకెత్తుతున్న ఇసుక చూపించండి మేడం.

హనుమకొండ టీచర్: తప్పకుండా. అయితే పరీక్షలయ్యాక, పెద్ద తరగతులవాళ్లతోనే వెళ్తాం. ఫోన్లు బసలోనే పెట్టిస్తాను. రాత్రి ఒడ్డుకు వెళ్లాలంటే అక్కడి అటవీ శాఖలో ఎవరిని అడగాలి?

భూపాలపల్లి అక్క: రేంజ్ ఆఫీసులో ముందుగా అర్జీ ఇవ్వండి. మేం అలాగే వెళ్లాం.